పౌండుకో బ్రాస్ బ్యాండు

ఉత్తర ఇంగ్లండ్‌లో ఏ చిన్న ఊరి చారిటీ షాపుకైనా, అంటే జనం దానమిచ్చిన పాత సామాన్లు అమ్మే దుకాణానికి, వెళ్ళండి. ఓ మూల నేలమీద పాత రికార్డుల పెట్టె ఉంటుంది. జిమ్ రీవ్స్, క్రిస్మస్ పాటలు, జనం ఎప్పుడో మర్చిపోయిన హాస్యనటుడు, వాళ్ళ మధ్య తప్పనిసరిగా ఒక బ్రాస్ బ్యాండు. అట్టమీద ఎర్ర కోట్లు తొడుక్కున్న పాతికమంది, ఒళ్ళో మెరిసే ఇత్తడి వాద్యాలు, వెనకాల మిల్లు గోడో జమీందారు మేడో. ధర ఒక పౌండు. కొన్నిచోట్ల అందులో సగమే.

రికార్డులు పోగుచేసేవాళ్ళలో ఎక్కువమంది ఆ అట్టను వేలితో తోసేసి ముందుకు పోతారు. కొన్న కొద్దిమందీ ఇంట్లో ఒకసారి వేసి, బాగుందనో బాగాలేదనో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. చిక్కంతా ఆ ఒక్క ముక్కలోనే ఉంది. బాగాలేనిది ఏది? స్వరరచనా? దాన్ని బ్యాండుకు మలిచిన తీరా? వాయించినవాళ్ళా? మైకులు పెట్టిన ఇంజనీరా? లేక ఎవరి ఇంట్లోనో ఏళ్ళ తరబడి అరిగిన ఈ ఒక్క ప్రతా? ఈ ఐదూ దేనికదే. ఒకదాని తప్పు ఇంకోదాని నెత్తిన రుద్దడం బ్రాస్ బ్యాండు రికార్డుల విషయంలో జరిగినంతగా మరెక్కడా జరగదు. ధర తక్కువ కదా, లోపలున్నదీ తక్కువ రకమే అయి ఉంటుందన్న అనుమానం ముందే ఉంటుంది మరి.

ముందు ఇది ఏ బ్యాండో చెప్పుకోవాలి. మన పెళ్ళి ఊరేగింపుల్లో వచ్చే బ్యాండు మేళం బ్రిటిష్ పటాలాల బ్యాండ్ల నుంచి దిగివచ్చింది. కంటోన్మెంట్లలో మోగిన ఆ బ్యాండ్లలో క్లారినెట్లు, ట్రంపెట్లు, డ్రమ్ములు ఉండేవి. మన మేళాలకూ అవే వచ్చాయి. ఈ రికార్డుల్లోని బ్యాండు దానికి దాయాది, అంతే. ఇందులో క్లారినెట్ ఉండదు. వినడానికి వింతగా ఉన్నా, ట్రంపెట్ కూడా ఉండదు. పోటీ బ్యాండులో ఊదేవాళ్ళు 25 మంది: ఒక సొప్రానో కార్నెట్ (కార్నెట్ అంటే ట్రంపెట్‌ను పోలిన పొట్టి వాద్యం), తొమ్మిది మామూలు కార్నెట్లు, ఒక ఫ్లూగల్‌హార్న్, మూడు టెనార్ హార్న్‌లు, రెండు బారిటోన్లు, రెండు యుఫోనియంలు (లోతైన, మెత్తటి గొంతున్న పెద్ద వాద్యాలు), మూడు ట్రాంబోన్లు, నాలుగు బేస్‌లు. తాళవాద్యాలు వీటికి అదనం. ట్రాంబోన్లను మినహాయిస్తే మిగతా వాద్యాల గొట్టాలు చాలా భాగం క్రమంగా వెడల్పవుతూ పోతాయి. అందుకే ఆ నాదంలో ట్రంపెట్ పదును తగ్గి గుండ్రదనం వస్తుంది. ఊదేవాళ్ళంతా దాదాపు ఒకే కుటుంబపు వాద్యాలు పట్టుకోవడం వల్ల, ఎవరి గొంతు ఎక్కడ ఆగి ఎవరిది అందుకుందో పోల్చుకోవడానికి కొంత అలవాటు కావాలి. మొదటి రికార్డు విన్నవాళ్ళకు అంతా ఒకే మోతగా అనిపించడానికి కారణం ఇదే. నాలుగో ఐదో విన్నాక యుఫోనియం దానంతటదే విడిగా వినబడుతుంది.

వాల్వులున్న ఇత్తడి వాద్యాలు 1840లలో బ్రిటన్‌లో వ్యాపించాయి. అడోల్ఫ్ సాక్స్ తయారుచేసిన సాక్స్‌హార్న్‌లను డిస్టిన్ కుటుంబం ఊరూరా వాయించి చూపింది. మిల్లుల్లో, గనుల్లో పనిచేసేవాళ్ళు సాయంత్రాలు నేర్చుకుని పోటీలకు దిగారు. మాంచెస్టర్‌లోని బెల్ వ్యూ తోటల్లో 1853లో మొదలైన పోటీ నేటి బ్రిటిష్ ఓపెన్‌కు మూలం. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో 1900లో జాతీయ పోటీలు మొదలయ్యాయి. బహుమతి పంతం లేకుండా ఈ సంగీతాన్ని అర్థం చేసుకోలేం. ప్రతి పెద్ద బ్యాండూ పక్క ఊరి బ్యాండును ఓడించడానికే పుట్టిందంటే పెద్దగా తప్పులేదు.

ధర సంగతి

ఈ రికార్డులు చవకవడానికి కారణం సంగీతంలో లేదు, సరుకు చేరిన దారిలో ఉంది. మామూలు ఎల్పీ ధర సామాన్యుడికి బరువుగా ఉన్న రోజుల్లో, 1950ల చివర 'పై' (Pye) అనే రికార్డు కంపెనీ గోల్డెన్ గినీ పేరుతో 21 షిల్లింగుల రికార్డులు తెచ్చింది. 1965లో ఈఎంఐ అనే రికార్డు కంపెనీ, ప్రచురణకర్త పాల్ హామ్లిన్ కలిసి 'మ్యూజిక్ ఫర్ ప్లెజర్' మొదలుపెట్టి, పత్రికల దుకాణాల్లోనూ సూపర్‌మార్కెట్లలోనూ ఇంకా తక్కువకు అమ్మారు. ఇలాంటి చవక లేబుళ్ళకు, అంటే రికార్డు బ్రాండ్లకు, బ్రాస్ బ్యాండు బాగా గిట్టుబాటు. తారల పారితోషికాలు లేవు, బాణీలు అందరికీ తెలిసినవి, తాతగారి పుట్టినరోజుకు కొనడానికి అంతకంటే భద్రమైన బహుమతి లేదు. దీనికి తోడు బ్యాండ్లు తమ కచేరీల్లో బల్ల వేసుకుని సొంతంగా అమ్మేవి. యూనిఫాం ఖర్చులు, వాద్యాల ఖర్చులు అలా కొంత రాబట్టుకునేవారు.

కొన్నవాళ్ళది ఇంచుమించు ఒకే తరం. ఆ తరం వృద్ధాశ్రమాలకు తరలిపోతున్నప్పుడు, కన్నుమూస్తున్నప్పుడు, పిల్లలు ఇల్లు ఖాళీ చేసి రికార్డులన్నీ చారిటీ షాపులకు ఇచ్చేస్తారు. వచ్చే సరుకు అలా ఒక్కసారిగా వస్తుంది. తీసుకునేవాళ్ళో? రాక్ సేకర్తలకు ఇది పరాయిది, జాజ్ వాళ్ళకు మరీ పద్ధతిగా ఉంటుంది, సింఫనీలు వినేవాళ్ళకు ఇందులో వయొలిన్లు లేవన్న చిన్నచూపు. దుకాణంవాడికి కూడా ఏ అరలో పెట్టాలో తెలియక నేలమీది పెట్టెలో పడేస్తాడు.

'ద ఫ్లోరల్ డాన్స్' దీనికి మంచి ఉదాహరణ. 1977 చివర్లో బ్రిగ్‌హౌస్ అండ్ రాస్ట్రిక్ బ్యాండు వాయించిన ఈ బాణీ బ్రిటిష్ పాప్ జాబితాలో రెండో స్థానం దాకా ఎక్కి వారాల తరబడి అక్కడే నిలిచింది. దాన్ని మొదటి స్థానానికి పోనివ్వకుండా అడ్డుపడింది పాల్ మెకార్ట్నీ బృందం వింగ్స్. అంత అమ్ముడైంది కాబట్టే ఇప్పుడు దానికి విలువ లేదు. పెట్టె పెట్టెలో ఒకటి దొరుకుతుంది. సంగీతం అప్పుడెంతో ఇప్పుడూ అంతే.

తక్కువ ప్రతులు వేసినవైనా ఖరీదు పలుకుతాయా అంటే అదీ లేదు. బర్మింగ్‌హామ్ గ్రోవ్‌నర్, హడర్స్‌ఫీల్డ్ దగ్గరి లుక్ లాంటి చిన్న లేబుళ్ళు ఊరి బ్యాండ్లకు తక్కువ సంఖ్యలో ఎల్పీలు వేసిపెట్టేవి. అలాంటివి మళ్ళీ కంటపడటం కష్టం. అయినా పౌండే. అడిగేవాడు లేకపోతే అరుదైనదానికీ ధర రాదు. అడిగేవాడు వేరే ముఠా నుంచి వచ్చాడా, లెక్క ఒక్కసారిగా మారిపోతుంది. 1968 జూన్ 30న మెకార్ట్నీ యార్క్‌షైర్‌లోని సాల్టెయిర్‌కు వెళ్ళి, విక్టోరియా హాల్లో బ్లాక్ డైక్ మిల్స్ బ్యాండుతో తన 'థింగమీబాబ్' రికార్డు చేయించాడు. వెనకవైపు 'ఎల్లో సబ్‌మెరైన్'. బీటిల్స్ పెట్టుకున్న రికార్డు సంస్థ ఆపిల్ తొలి నాలుగు సింగిల్స్‌లో అదొకటి. దాన్ని కొనేవాళ్ళు బీటిల్స్ భక్తులు, అందుకే అది పౌండు పెట్టెలో కనబడదు. అదే బ్యాండు, అంతకంటే గొప్పగా వాయించిన ఎల్పీలు మాత్రం ఆ పెట్టెలోనే పడి ఉంటాయి.

అట్ట చదవడం

కొనేముందు చూడాల్సింది ఫొటో కాదు, బ్యాండు పూర్తి పేరు. పేర్లలో యజమానులు ఉంటారు. 'జాన్ ఫోస్టర్ అండ్ సన్ లిమిటెడ్ బ్లాక్ డైక్ మిల్స్ బ్యాండ్' అని పొడుగ్గా కనబడితే, అది క్వీన్స్‌బరీలోని ఉన్ని మిల్లు బ్యాండు. 1855లో మిల్లు యజమాని ఫోస్టర్ దాన్ని తన పంచన చేర్చుకున్నాడు. ఆయన స్వయంగా హార్న్ వాయించినవాడే. శాండ్‌బాచ్‌లో లారీలు చేసిన ఫోడెన్స్, స్టాక్‌పోర్టులో విమానాలు చేసిన ఫెయిరీ, కెటరింగ్‌లో బూట్లు కుట్టించిన మన్ అండ్ ఫెల్టన్, వీళ్ళందరికీ బ్యాండ్లుండేవి. బాగా ఊదేవాడికి ఫ్యాక్టరీలో ఉద్యోగం ఇచ్చి తెచ్చుకునేవారు. బొగ్గు గనుల దగ్గరైతే కార్మికులు జీతంలోంచి వారానికి కొన్ని పెన్నీలు బ్యాండుకని వేసుకునేవాళ్ళు. బ్రిగ్‌హౌస్ అండ్ రాస్ట్రిక్‌ది వేరే కథ, అది ఊరి చందాలతో నడిచింది.

యజమాని మారితే పేరు మారేది. మన్ అండ్ ఫెల్టన్‌ను గ్రేట్ యూనివర్సల్ స్టోర్స్ కొన్నాక ఆ బ్యాండు 'జీయూఎస్ ఫుట్‌వేర్ బ్యాండ్' అయింది. చెప్పుల కొట్టు పేరుతో కనబడుతోందని తీసి పక్కన పెట్టకండి, ఆ రోజుల్లో దేశంలో మేటి బ్యాండ్లలో అదొకటి. వేల్స్‌లోని కోరీ బ్యాండు 1884లో పుట్టినప్పుడు మద్యనిషేధ ఉద్యమపు బ్యాండు, పేరు టాన్ టెంపరెన్స్. గనుల యజమాని క్లిఫర్డ్ కోరీ డబ్బిచ్చాక 1895లో ఆయన పేరు పెట్టుకుంది. మద్యం మానాలని పెట్టిన బ్యాండ్లలో చివరిదాకా ఎంతమంది మానారన్నది చరిత్రకారులు తేల్చాల్సిన విషయం. గ్రైమ్‌థార్ప్ గని బ్యాండు 1917 నాటిది. 1992లో జాతీయ పోటీ గెలిచింది, 1993లో గని మూతపడింది, బ్యాండు మాత్రం ఇప్పటికీ ఉంది.

ఈ పేర్లు తెలిస్తే లాభమేమిటంటే, అట్టమీద సంవత్సరం వేయని చవక రికార్డును కూడా పేరును బట్టి ఇంచుమించు ఏ కాలానిదో అంచనా వేయొచ్చు. ఆ అంచనా ఎందుకు కావాలో ముందుముందు తెలుస్తుంది.

పేరు తర్వాత నిర్వాహకుడు, అంటే బ్యాండును నడిపించే కండక్టరు. అట్టమీద హ్యారీ మార్టిమర్ (1902-1992) పేరుండి, 'మెన్ ఓ బ్రాస్' అని రాసి ఉంటే, అది ఒక బ్యాండు కాదు. ఫోడెన్స్, ఫెయిరీ, మోరిస్ మోటార్స్ కలిపి వాయించినది. మార్టిమర్ గొప్ప కార్నెట్ వాద్యకారుడు, బీబీసీలో ఏళ్ళపాటు బ్యాండు కార్యక్రమాలు చూశాడు. ఆయన మీద గౌరవం ఉన్నా నా అభిప్రాయం చెప్తాను: మూడు నాలుగు బ్యాండ్లు కలిపి వాయించిన రికార్డుల్లో భారీతనం తప్ప ఇంకేమీ మిగలదు. అంతమంది ఒక్క క్షణంలో స్వరం అందుకోవడం అసాధ్యం, అంచులు అలుక్కుపోతాయి. ఒక్క బ్యాండు వాయించినదే కొనండి.

వెనక అట్టమీద చిన్న అక్షరాల్లో సోలో వాద్యకారుల పేర్లుంటాయి. అక్కడ కొన్ని నిధులున్నాయి. 1950ల చివర బ్లాక్ డైక్‌కు ప్రధాన కార్నెట్‌గా ఉన్న మారిస్ మర్ఫీ తర్వాత ఆర్కెస్ట్రా ట్రంపెట్‌కు మారి, 1977లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో చేరాడు. చేరగానే వాయించింది 'స్టార్ వార్స్' సంగీతం. ఆ సినిమా మొదట్లో పైకెగిసే ట్రంపెట్ ఆయనదే. జేమ్స్ షెపర్డ్, ఫిలిప్ మెకాన్ అన్న పేర్లు కనబడినా వదలొద్దు, ఇద్దరూ బ్లాక్ డైక్ కార్నెట్లే.

శ్రుతి తేడా

ఇంటికి తెచ్చి వేశాక మొదటి అనుమానం చాలామందికి టర్న్‌టేబుల్ మీద వస్తుంది. బాణీ తెలిసినదే, కానీ శ్రుతి కొంచెం పైన వినబడుతుంది. హార్మోనియం పక్కన పెట్టి చూస్తే ఏ మెట్టుకూ కుదరదు, రెండు మెట్ల మధ్య నిలుస్తుంది. బెల్టు పాడైందేమో, మోటారు వేగంగా తిరుగుతోందేమో అని విప్పదీసేవాళ్ళు కూడా ఉన్నారు.

యంత్రంలో లోపం లేదు. ప్రపంచమంతా 'ఏ' స్వరాన్ని సెకనుకు 440 కంపనాలకు కట్టుకున్నాక కూడా బ్రిటిష్ బ్రాస్ బ్యాండ్లు విక్టోరియా కాలపు హెచ్చు శ్రుతిలోనే, అంటే దాదాపు 452.5 దగ్గరే ఉండిపోయాయి. తేడా ఒక స్వరస్థానానికీ పక్కదానికీ మధ్య దూరంలో ఇంచుమించు సగం. అలా ఉండిపోవడానికి మొండితనం ఒక్కటే కారణం కాదు. ఇత్తడి వాద్యపు శ్రుతి గొట్టం పొడవులో ఉంటుంది. ఒక్కరు మారితే చాలదు, పాతికమందికీ ఒకేసారి కొత్త వాద్యాలు కొనాలి. గని బ్యాండుకు అంత డబ్బెక్కడిది? చివరికి 1960ల నడుమ తయారీదారు బూసీ అండ్ హాక్స్ హెచ్చు శ్రుతి వాద్యాలు ఇక చేయబోమని చెప్పడంతో మారక తప్పలేదు. కొందరు కొత్తవి కొన్నారు, కొందరు పాతవాటికి గొట్టం అతికించి పొడవు పెంచుకున్నారు. అన్ని బ్యాండ్లూ ఒకే రోజు మారలేదు కాబట్టి 1960ల చివరి రికార్డుల్లో రెండు శ్రుతులూ దొరుకుతాయి.

దీన్నిబట్టి రెండు సంగతులు. పాత రికార్డును కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు 440కి సర్దుదామని వేగం తగ్గిస్తే, శ్రుతితో పాటు నడక కూడా నూటికి మూడు వంతుల దాకా మందగిస్తుంది. వాళ్ళు వాయించింది అది కాదు. ముట్టుకోకుండా వదిలేయడమే మంచిది. రెండోది, శ్రుతి మారినప్పుడు నాదమూ మారింది. పాత వాద్యాల గొట్టాలు సన్నం, నాదం వెలుగ్గా, కొంచెం కీచుగా ఉంటుంది. తర్వాత వచ్చినవి వెడల్పు, నాదం నిండుగా, ముదురుగా ఉంటుంది. దానితో పాటు వాయించే తీరూ మారింది. పాతతరం యుఫోనియం వాద్యకారుడు ప్రతి దీర్ఘస్వరాన్నీ కంపితంతో ఊపుతాడు. ఇప్పటి చెవికి అది అతిగా అనిపించవచ్చు. కానీ 1958 రికార్డును 1985 అలవాట్లతో తూచి, కంపితం ఎక్కువైందని రాసే సమీక్షకుడు ఆ కాలాన్ని సమీక్షిస్తున్నాడే కానీ రికార్డును కాదు. అట్ట చూసి కాలం అంచనా వేయమన్నది ఇందుకే.

చివరి పాట ఎందుకు చిరుగుతుంది

రెండో ఫిర్యాదు: ప్రతి పక్కా చివరికొచ్చేసరికి కార్నెట్లు చిరిగినట్టు వినబడతాయి. "బ్యాండు అలిసిపోయింది" అని రాసినవాళ్ళను చూశాను. బ్యాండు అలిసిపోలేదు. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 1.8 సెకన్లు. బయటి అంచు దగ్గర గాడి ముల్లు కింద సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్లు సాగుతుంది. మధ్యలోని కాగితం లేబులుకు దగ్గరగా వచ్చేసరికి అదే కాలంలో సాగేది 21 సెంటీమీటర్లే. అదే ధ్వనిని సగం కంటే తక్కువ చోటులో చెక్కాలి. మెల్లగా పాడే గొంతయితే సర్దుకుంటుంది. ఇత్తడి వాద్యాన్ని ఎంత గట్టిగా ఊదితే పై అనుస్వరాలు (ఓవర్‌టోన్లు) అంత విజృంభిస్తాయి; గాడిలో ఆ మలుపులు మరీ వాడిగా ఉండి ముల్లు వాటి వెంట పోలేదు. పైగా ఈ సంగీతపు వరస చూడండి: ప్రతి పక్కా చివర ఏ ఓవర్చర్ (ఒపేరాకు ముందు వాయించే సంగీతం) ముగింపో పెడతారు, మొత్తం బ్యాండు ఊపిరంతా పెట్టి ఊదేచోటు అది. గాడి బాగా ఇరుకైన చోటుకు బాగా పెద్ద మోత వచ్చి పడుతుంది.

దానికి తోడు పాత యజమాని యంత్రం. ఆ తరం ఇళ్ళలో రేడియోగ్రామ్‌లు ఉండేవి. రేడియో, రికార్డు ప్లేయరు కలిపి ఒకే పెట్టెలో ఉండేవి అవి. వాటి సిరామిక్ కార్ట్రిడ్జి (ముల్లును పట్టుకునే భాగం) ఐదారు గ్రాముల బరువుతో గాడిని నొక్కేది. ఇప్పటి మంచి కార్ట్రిడ్జిలు చాలావరకు రెండు గ్రాముల దగ్గరే ఉంటాయి. అరిగిన ముల్లుతో ఏళ్ళు వాయిస్తే పెద్ద మోతలున్న చోట గాడి గోడలు దెబ్బతింటాయి. కొనేముందు రికార్డును కిటికీ వెలుగులో వాల్చి చూడండి. గీతలు కనబడితే అంత భయం లేదు, అవి టిక్కుమంటాయి, అంతే. నల్లగా మెరవాల్సిన చోట బూడిదరంగు కనబడితే మాత్రం ఆ ప్రతి అరిగిపోయింది, కడిగినా లాభం లేదు. దుమ్ము అయితే కడిగితే పోతుంది: డిస్టిల్డ్ వాటర్, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి గుడ్డ, లేబులు తడవకుండా. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డులకు మాత్రం ఆల్కహాల్ కలిసిన ద్రావణాలు వాడకూడదు, షెలాక్ కరుగుతుంది.

ఇంజనీరు పాపాలు వేరు. ఇంగ్లండ్‌లో స్టీరియో రికార్డులు 1958లో వచ్చాయి. అంతకు ముందరి మోనో రికార్డింగులను తర్వాత చవక లేబుళ్ళు మళ్ళీ వేసినప్పుడు, ధ్వనిని కృత్రిమంగా రెండు పక్కలకూ పంచి స్టీరియో అని అమ్మారు. 'ఎలక్ట్రానికల్లీ రీప్రాసెస్డ్' అని అట్ట కింద చిన్నగా ఉంటుంది. అది కనబడితే పెట్టెలో తిరిగి పెట్టేయండి. బేస్‌లు ఒకవైపు, కార్నెట్లు ఇంకోవైపు కొట్టుకుపోయి మధ్య బోలుగా మిగులుతుంది. అసలు మోనో ప్రతి దొరికితే అదే నయం. రికార్డు చేసిన చోటు కూడా చూసుకోవాలి. ఈ నాదానికి ఎత్తైన కప్పున్న టౌన్ హాలు కావాలి. పాప్ పాటల కోసం గోడలకు మెత్తలు కొట్టిన స్టూడియోలో పాతికమందిని కూర్చోబెడితే ఎంత మంచి బ్యాండైనా తగరపు డబ్బాలా మోగుతుంది.

లోపల ఏముంది

ఇక అసలు సంగీతం. ఈ ఎల్పీల్లో సగానికి పైగా మూడు రకాల సరుకు ఉంటుంది: మార్చ్‌లు (కవాతు బాణీలు), రోసినీ, సుప్పే లాంటివాళ్ళ ఓవర్చర్ల మలపులు, ఆ ఏడాది పాప్ పాటలు. మార్చ్‌లు వినాలి. విలియం రిమ్మర్ 'స్లెయిడ్‌బర్న్', జార్జ్ అలన్ 'నైట్ టెంప్లర్' రెండూ మూడు నాలుగు నిమిషాల్లో బ్యాండు దమ్మేమిటో చెప్పేస్తాయి. ఓవర్చర్ల మీద నాకు అంత ఆశ లేదు. వయొలిన్ల పరుగును కార్నెట్ల మీద ఎక్కించడం సర్కసు, చూడటానికి బాగుంటుంది. పాప్ పాటల గురించి చెప్పేదేముంది, 1970ల కచేరీల్లో జనం అడిగారు, వాళ్ళు వాయించారు.

నాలుగో రకం ఒకటుంది, దానికోసమే ఈ పెట్టెలు వెతకడం. పోటీల్లో అన్ని బ్యాండ్లూ ఒకే రచనను వాయించాలి, అది కష్టంగా ఉండాలి. మొదట ఒపేరాల ముక్కలు ఇచ్చేవారు. 1913లో క్రిస్టల్ ప్యాలెస్ పోటీకి పెర్సీ ఫ్లెచర్ చేత 'లేబర్ అండ్ లవ్' ప్రత్యేకంగా రాయించినప్పటి నుంచి బ్రాస్ బ్యాండు కోసమే పుట్టిన రచనలు మొదలయ్యాయి. 1928లో గుస్టావ్ హోల్స్ట్ 'ఎ మూర్‌సైడ్ సూట్', 1930లో ఎడ్వర్డ్ ఎల్గర్ 'సెవర్న్ సూట్', ఆ తర్వాత జాన్ ఐర్లండ్, 1957లో వాన్ విలియమ్స్, 1974లో మాల్కం ఆర్నాల్డ్. ఎల్గర్ తన రచనను బెర్నార్డ్ షాకు అంకితమిచ్చాడు. ఆ ఏటి పోటీ ఫోడెన్స్ గెలిచింది. ఈ పేర్లే పక్క అరలో ఆర్కెస్ట్రా రికార్డులమీద ఉంటే సేకర్తలు ఆగి చూస్తారు. నేలమీది పెట్టెలో అదే హోల్స్ట్, అదే ఎల్గర్ పౌండుకు పడి ఉన్నారు.

పెద్ద పేర్లకంటే నాకు గిల్బర్ట్ వింటర్ (1909-1969) ఇష్టం. బస్సూన్ వాద్యకారుడు, బ్యాండు ప్రపంచానికి బయటివాడు. 'స్పెక్ట్రమ్' 1969లో బెల్ వ్యూ పోటీ రచన. రంగుల పేర్లతో నడిచే ఆ రచనలో అప్పటిదాకా బ్యాండు గదుల్లో ఎవరూ వినని శబ్దాలున్నాయి. అట్ట వెనక వింటర్, ఎరిక్ బాల్, ఎడ్వర్డ్ గ్రెగ్సన్, విల్ఫ్రెడ్ హీటన్ పేర్లలో ఏది కనబడినా మిగతా పక్క ఎంత చెత్తగా ఉన్నా కొనొచ్చు. చాలా ఎల్పీలు అలాగే ఉంటాయి మరి: ఒక పక్కంతా అమ్ముడుపోవడానికి, రెండో పక్క చివర బ్యాండు తన కోసం వాయించుకున్నది.

ఈ దారిలో చివరిదాకా పోతే వచ్చేది 'గ్రైమ్‌థార్ప్ స్పెషల్'. 1970లలో గ్రైమ్‌థార్ప్ గని బ్యాండుతో పనిచేసిన ట్రంపెట్ వాద్యకారుడు ఎల్గర్ హోవర్త్, నాటి కొత్త సంగీతకారుల చేత ఆ బ్యాండుకు రాయించాడు. డెక్కా కంపెనీ దాన్ని కొత్త సంగీతం కోసం పెట్టిన శ్రేణిలో వేసింది. హారిసన్ బర్ట్‌విసిల్ 1973 నాటి 'గ్రైమ్‌థార్ప్ ఆరియా', హెంజె రాగ్‌టైమ్‌లు, జపాన్‌కు చెందిన తకెమిత్సు 'గార్డెన్ రెయిన్' అందులో ఉన్నాయి. ఆరియాలో బాణీ లేదు. బరువైన మేఘంలా నెమ్మదిగా కదిలి, పగిలి, మళ్ళీ అణిగిపోతుంది. పగలు బొగ్గు పొరల మధ్య పనిచేసినవాళ్ళు సాయంత్రం కూర్చుని దీన్ని సాధన చేశారు. ఇలాంటి కొత్త సంగీతం చదువుకున్నవాళ్ళ కోసమే అన్న మాట ఈ రికార్డు విన్నాక నోట రాదు. ఇది పౌండుకు దొరకడం కష్టం, కానీ దొరకదని చెప్పను. పెట్టెలోని అట్టలకు ధర కట్టేవాళ్ళలో చాలామందికి ఎర్రకోటు బ్యాండ్లన్నీ ఒకటే.

సమీక్ష రాసేవాళ్ళకు ఒక సూచన. మొదట మీ చేతిలోని ప్రతి ఎలా ఉందో చెప్పి పక్కన పెట్టండి, అది మీ ఒక్కరి గోల. తర్వాత రికార్డింగు, ఆపైన మలిచిన తీరు, చివరగా వాద్యం. వాద్యంలో పెద్ద మోతలకు మార్కులు వేయకండి, పెద్దగా ఊదడం ఏ బ్యాండుకైనా వచ్చు. మెల్లగా ఊదేచోట వినండి. 25 మంది ఒకే ఊపిరిలా తగ్గి, ఆ తగ్గుదలలో శ్రుతి జారకుండా నిలిస్తే అది గొప్ప బ్యాండు. అందుకే ప్రతి ఎల్పీలోనూ నేను మొదట వేసేది భక్తిగీతం బాణీ. 'డీప్ హార్మనీ' లాంటివి ఊదడానికి తేలిక, దాచుకోవడానికి చోటు లేనివి. రెండో, మూడో కార్నెట్లు సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడ బయటపడుతుంది. చిన్న ఊరి బ్యాండును బ్లాక్ డైక్‌తో పోల్చి కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు. పోటీల్లోనే వాళ్ళను వేరువేరు శ్రేణుల్లో పెడతారు, సమీక్షకుడికి అంతకంటే కఠినంగా ఉండాల్సిన పనేముంది?

హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని వీటిని తెప్పించుకోవాలంటే ఇబ్బంది రికార్డు ధర కాదు, తపాలా ఖర్చు. పౌండు సరుకుకు అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. లీడ్స్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉండే మేనల్లుడు సంక్రాంతికి వస్తుంటే ఒక నాలుగు తెమ్మనండి. చేతి సంచిలో, అట్టలమీద బరువు పడకుండా, నిలబెట్టి. సామాన్ల సూట్‌కేసులో పచ్చళ్ళ సీసాల కింద పెడితే వంగిపోతాయి. ఏవి తేవాలో పేర్లు కాగితం మీద రాసి పంపడం మంచిది, లేదంటే నాలుగూ 'ఫ్లోరల్ డాన్స్'లే తెస్తాడు.